అడగకుండా తీసిన నవ్వు

నాంచారమ్మగారి శరీరం ఉంచిన అద్దాల ఫ్రీజర్ పెట్టె హాలు మధ్యలో ఉంది. దయాకర్ చెప్పులు గేటు బయటే విడిచి, గోడ వెంబడి మెల్లగా నడిచి, కిటికీ పక్కన స్టాండు నిలబెట్టి ఒక కెమెరా బిగించాడు. అది కదలదు. హాలంతా అందులో పడుతుంది. రెండో కెమెరా అతని చేతిలో ఉంటుంది. దాని ముందు వెలిగే ఎర్రచుక్క మీద నల్ల టేపు ముక్క అంటించాడు. చావింట్లో ఆ వెలుగు కనిపిస్తే మనుషులు ఏడుపు ఆపుకుని సర్దుకుంటారు, లేకపోతే ఉన్నదానికంటే ఎక్కువ ఏడుస్తారు. రెండూ అతనికి నచ్చవు.

లైట్లు పెట్టడు. ఎవరినీ జరగమనడు. మైకు పంతులుగారి దగ్గర పెడతాడు తప్ప ఆడవాళ్లు కూర్చున్న వైపు పెట్టడు. చేతులు తీస్తాడు, పాదాలు తీస్తాడు, పూలదండ సర్దుతున్న వేళ్లు తీస్తాడు. బతికున్నవాళ్ల ముఖాల మీద మాత్రం ఆగడు. సికింద్రాబాద్ చుట్టుపక్కల ఇలాంటి పనికి జనం అతన్నే పిలవడానికి కారణం అదే. దయాకర్ వచ్చి వెళ్లాడన్న సంగతే తమకు గుర్తులేదని చాలామంది తర్వాత చెబుతుంటారు.

"లైవ్ వస్తోందా అండీ?" సత్యదేవ్ దగ్గరికి వచ్చి అడిగాడు. చనిపోయినావిడ కొడుకు. రాణిగంజ్‌లో పంపుసెట్ల దుకాణం. ఉదయం నుంచీ మనుషులకు ఎదురెళ్లి ఎదురెళ్లి గొంతు బొంగురుపోయింది.

"వస్తుంది సార్. కాకినాడల మీ చెల్లెలు సుత చూస్తున్రు. అమ్మ ముఖం జెర దగ్గరకెళ్లి చూపియ్యమని మెసేజ్ పెట్టిన్రు."

"చూపించండి. పాపం దేవిశ్రీ రాలేకపోయింది. వాళ్ల మామగారికి బాగోలేదట. మా కోసం ఆగొద్దు, కానిచ్చేయండి అంది."

దయాకర్ పెట్టె తలవైపు మోకాళ్ల మీద కూర్చున్నాడు. అద్దం మీద కమ్మిన చెమ్మను ఎవరో తుడిచారు. నాంచారమ్మగారి నుదుట విభూతి, పక్కకి ఒరిగిన తెల్లటి జుట్టు. కాకినాడలో ఉన్న కూతురు తృప్తిగా చూసుకోవాలని కెమెరాను అక్కడ కాసేపు ఉంచాడు. తర్వాత మెల్లగా పైకెత్తాడు. పెట్టెకి అవతల గోడకి జారబడి కోడలు ఇంద్రజ కూర్చుని ఉంది.

మధ్యాహ్నపు వెలుగు కిటికీలోంచి ఏటవాలుగా ఆమె మీద పడుతోంది. కళ్ల కింద నలుపు, రేగిన జుట్టు. దేనికోసమో చెవి ఒగ్గినట్టు తల కొంచెం వంచి ఉంది. అంతలో ఆ ముఖంలో ఏదో సడలింది. పెదాలు విడివడ్డాయి. నవ్వింది. చిన్న నవ్వే. ఎవరి కోసమూ కాదు, దాచుకున్నదీ కాదు.

ఎన్నో చావు ఇళ్లు చూసిన దయాకర్ అంత విశ్రాంతిగా ఉన్న ముఖాన్ని ఎక్కడా చూడలేదు. పక్కకి తిప్పాలని అతనికి తెలుసు. వేలు ఫోకస్ రింగు మీదికి వెళ్లింది. ఆమె కనురెప్పలు స్పష్టమయ్యేదాకా రింగు తిప్పి, ఊపిరి బిగబట్టి, ఆ నవ్వు ఆరిపోయేదాకా ఉన్నాడు.

ఆ తర్వాతే పంతులుగారి చేతుల మీదికి మళ్లాడు.

మోండా మార్కెట్ పక్క సందులో, పాత్రల దుకాణం మీది అంతస్తులో అతని స్టూడియో. మర్నాడు పొద్దున్న కింద కూరగాయల బస్తాలు దింపుతున్న చప్పుడు వస్తోంది. భార్య కల్పలత కంప్యూటర్ ముందు కూర్చుని ముందురోజు తీసినదాన్ని వరుసగా చూస్తోంది. అతను తీసేదంతా కత్తిరించి కూర్చేది ఆమే. ఒకచోట ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ చూసింది.

"ఇది లైవ్‌ల పోయిందా?"

"పోయింది."

"ముఖం మీద గింతసేపు ఎందుకున్నవ్?"

దయాకర్ టీ గ్లాసు కింద పెట్టాడు. "షాట్ మంచిగొచ్చింది."

"మంచిగనే వచ్చింది. గదే పరేషాన్."

కాసేపటికి సత్యదేవ్ ఫోన్ చేశాడు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

"దయాకర్‌గారూ, ఆ లింకు తీసేయండి."

"ఏమైంది సార్?"

"మా ఇంద్రజ నవ్విన దగ్గర ఆపి, ఫోటో తీసి మా చుట్టాల గ్రూపులో పెట్టింది దేవిశ్రీ. అమ్మ ముఖం చూద్దామని కూర్చుంటే వదిన నవ్వు చూడాల్సి వచ్చిందని రాసింది. పొద్దున్నుంచీ ఒకటే ఫోన్లు. మా పిన్ని అయితే మాట్లాడటమే మానేసింది."

దయాకర్ లింకు తీసేశాడు. తీసేసినా లాభం లేదని తీస్తున్నప్పుడే అతనికి తెలుసు. ఫోటో ఎన్ని ఫోన్లలోకి పోయిందో ఎవరు చెప్పగలరు? కల్పలత కుర్చీ తిప్పి అతని వైపు చూసింది. అతను ఆమె వైపు చూడలేక కిటికీ దగ్గరికి వెళ్లి, కింద వంకాయల బుట్టలు మోస్తున్న హమాలీలను చూస్తూ నిలబడ్డాడు.

"ఒక్కసారి ఆ ఇంటికి పోయొస్త," అన్నాడు.

"పోయి ఏమంటవ్?"

"ఏదో ఒకటి అంట."

ఏ.ఎస్. రావు నగర్‌లో ఆ ఇంటికి వెళ్లేసరికి హాల్లో పెట్టె లేదు. దాని స్థానంలో దీపం, ఫోటో. చాపల మీద ఆడవాళ్లు కూర్చుని మాట్లాడుకుంటున్నారు. నాంచారమ్మగారి చెల్లెలు, సత్యదేవ్‌కి పిన్ని, గోడవార కుర్చీలో ఉంది. వంటింట్లోంచి ఇంద్రజ కాఫీ గ్లాసుల పళ్లెంతో వచ్చింది. మాటలు ఆగిపోయాయి. పిన్ని లేచి ఎదురెళ్లి పళ్లెం ఆమె చేతుల్లోంచి తీసుకుంది.

"నువ్వు లోపల కూర్చోమ్మా. నవ్వులపాలు చేసింది చాలు."

మెత్తగానే అంది. ఇంద్రజ చేతులు పళ్లెం పట్టుకున్నట్టుగానే కాసేపు గాలిలో ఉండిపోయాయి. తర్వాత కొంగుకి తుడుచుకుని లోపలికి వెళ్లిపోయింది. వెళ్తూ గుమ్మం దగ్గర నిలబడ్డ దయాకర్‌ని చూసింది. ఆ చూపులో నింద ఉంటే అతనికి కొంత తేలికయ్యేది. లేదు. కరెంటు బిల్లు ఇవ్వడానికొచ్చిన మనిషిని చూసినట్టు చూసింది.

దీపానికి దండం పెట్టి వచ్చేశాడు.

ఆ రోజంతా స్టాండు మీద పెట్టిన కెమెరా తీసినదాన్ని వెతుకుతూ కూర్చున్నాడు. ఏం వెతుకుతున్నాడో మొదట అతనికే తెలియదు. ఆమె నవ్విన సమయానికి హాల్లో ఇంకేం జరుగుతోందో చూశాడు. అప్పుడు చేతిలోని కెమెరాలో తల దూర్చి తను చూడనిది అక్కడ దొరికింది. పక్కింటివాళ్ల పాప లాస్య, ఇంకా సరిగా నడక రాని పిల్ల, పెద్దల కాళ్ల మధ్య నుంచి తప్పించుకుని పెట్టె దగ్గరికి వచ్చింది. చేతిలో కొరికిన బిస్కెట్టు. దాన్ని అద్దం మీద, సరిగ్గా నాంచారమ్మగారి నోటికి పైన పెట్టి, తినమన్నట్టు చూసింది. తల్లి పరుగున వచ్చి ఎత్తుకుపోయింది. ఆ కాసేపట్లోనే, పెట్టెకి అవతల ఇంద్రజ నవ్వింది.

"కల్పా, ఇటు చూడు."

కల్పలత వచ్చి అతని భుజం మీదుగా చూసింది. ఆమె కళ్లు చెమర్చాయి.

"ఎంత ముద్దుగ పెట్టింది పిల్ల," అంది.

"దీన్ని చూసే నవ్వింది ఆమె. ఇది చూపిస్తే ఇగ ఎవరేమంటరు? అయిపాయె."

అతను ఆ రెండు కెమెరాల ముక్కలనూ పక్కపక్కన పెట్టి జతచేయడం మొదలుపెట్టాడు. ముందు పాప, తర్వాత బిస్కెట్టు, తర్వాత ఇంద్రజ ముఖం. అలా చూస్తే అందులో వంక పెట్టడానికి ఏమీ లేదు. అన్నం తింటూ కల్పలతతో మామూలుగా మాట్లాడాడు.

గిన్నెలు తీస్తూ ఆమె అడిగింది. "ఒక మాట చెప్పు. ఇది చూపిస్తే తక్లీఫ్ పోయేది ఆమెదా, నీదా?"

"ఇద్దరిదీ పోతది."

కల్పలత తల ఊపింది. ఒప్పుకున్నట్టు మాత్రం లేదు.

మర్నాడు దయాకర్ ఇంటికి తీసుకొచ్చిన ల్యాప్‌టాప్‌లో సత్యదేవ్ ఆ ముక్కను మళ్లీ మళ్లీ చూశాడు. చివరికి కళ్లద్దాలు తీసి ముఖం తుడుచుకున్నాడు.

"నేను కూడా అనుమానించానండీ," అన్నాడు నెమ్మదిగా. "పైకి అనలేదు. కానీ రాత్రి పక్కన పడుకుని ఎందుకు నవ్విందా అనే ఆలోచించాను. అడగలేకపోయాను." తర్వాత లేచి, "ఇంద్రజా, ఒకసారి రా" అని పిలిచాడు.

ఆమె వచ్చి కుర్చీ వెనక నిలబడి చూసింది. పాప బిస్కెట్టు పెట్టినప్పుడు ఆమె చెయ్యి కుర్చీ వీపు మీద బిగుసుకుంది. తన ముఖం వచ్చినప్పుడు చూపు కిందికి దించింది.

"పెద్దకార్యం నాడు ఫంక్షన్ హాల్లో సభ పెడుతున్నాం," సత్యదేవ్ ఉత్సాహంగా అన్నాడు. "దేవిశ్రీ వస్తోంది. అందరూ వస్తారు. సభ మొదలవగానే ముందు ఇదే వేయండి. మైకులో ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. చూసి వాళ్లే తెలుసుకుంటారు."

ఇంద్రజ లోపలికి వెళ్లింది. దయాకర్ సెలవు తీసుకుని కిందికి దిగి బండి తీస్తుంటే వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది.

"ఒక్క నిమిషం."

గేటు లోపలే ఆగింది. చేతిలో ఖాళీ చెత్తబుట్ట. ఇంట్లోవాళ్లకి చెప్పి కిందికి దిగడానికి సాకు కోసం తెచ్చినట్టుంది.

"ఆ పాపని నేను చూడలేదండి."

దయాకర్‌కి అర్థం కాలేదు. "అంటే?"

"ఇప్పుడు మీరు చూపిస్తేనే తెలిసింది అలా బిస్కెట్టు పెట్టిందని. నేను నవ్వింది దానికి కాదు." ఆమె బుట్టని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. "అత్తయ్యకి ఆ వేళకి కాఫీ కావాలి. మంచం కమ్మీ మీద గ్లాసుతో కొట్టేవారు. కాఫీ ఇచ్చి, పక్క మార్చి, గుడ్డలు మార్చి, ఒళ్లు తుడిచి మళ్లీ పడుకోబెట్టేసరికి చీకటి పడేది. ఏళ్ల తరబడి అంతే. గుడిలో ఉన్నా, కూరల దగ్గర ఉన్నా ఆ వేళయ్యేసరికి నా చెవిలో గ్లాసు మోగేది. ఆ రోజు కూడా చూస్తూ కూర్చున్నాను, ఇంకా కొట్టలేదేంటా అని. వేళ దాటిపోయింది. ఇంక కొట్టరని అప్పుడు తెలిసింది. హమ్మయ్య అనిపించింది. అంతే."

అవతల రోడ్డు మీద కొబ్బరిబోండాల బండి వెళ్తోంది. అది దాటేదాకా ఇద్దరూ ఆగారు.

"ఆవిడంటే నాకు కోపం లేదండి," అంది. "అలిసిపోయాను."

"మేడమ్, తప్పు నాది. నేను ముఖం మీద ఆగకపోయుంటే..."

"మీరు ఆగారు. బాగా తీశారు కూడా." ఆ మాటలో వెటకారం లేదు. "ఆ రోజు నన్ను అడక్కుండా తీశారు. ఇప్పుడు నేను అడుగుతున్నాను. అది వెయ్యకండి."

"మరి వాళ్లందరు మిమ్మల్ని అనుకుంటున్న మాటలు?"

"అననివ్వండి. నేను నవ్వింది నిజమే కదా. పాప మీద పెట్టేస్తే ఆ కాస్త నవ్వూ నాది కాకుండా పోతుంది."

ఆమె బుట్టతో పైకి వెళ్లిపోయింది. దయాకర్ బండి స్టార్ట్ చేయకుండా దాని మీద చేతులు పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. తను తెచ్చింది సాయం అనుకున్నాడు. ఆమె దగ్గర మిగిలిన ఒక్కదాన్నీ తీసుకుపోవడానికి వచ్చినట్టయింది.

పెద్దకార్యం రోజు ఫంక్షన్ హాల్లో స్టేజీ మీద నాంచారమ్మగారి పెద్ద ఫోటో, మల్లెలు, చామంతులు. పక్కన తెర. కదలేని చుట్టాల కోసం మళ్లీ లైవ్ కావాలన్నారు. దయాకర్ కెమెరాను ఫోటో వైపు తిప్పి, సన్నగా సన్నాయి వినిపించేలా అమర్చాడు. సభ మొదలవడానికి ఇంకా సమయం ఉంది.

దేవిశ్రీ పొద్దున రైలుకి వచ్చింది. ముందుగా ఆమే మాట్లాడాలి. గొంతు సన్నం కాబట్టి పైటకి పెట్టుకునే చిన్న మైకు ఇచ్చాడు. ఆమెకి పెట్టుకోవడం తెలియకపోతే కల్పలత ముందుకొచ్చి దాన్ని గుచ్చింది. ఇంద్రజ చివరి వరసలో, భోజనాల హాలు తలుపు పక్కన ఒక్కతే కూర్చుని ఉంది.

"షురూ చేద్దామా సార్?" దయాకర్ అడిగాడు.

"ముందు ఆ ముక్క వేయండి," అన్నాడు సత్యదేవ్.

"అది వెయ్యను సార్. మేడమ్ వద్దన్నరు."

సత్యదేవ్ అతని వైపు తిరిగాడు. "ఏ మేడమ్? ఇంద్రజా? నాతో అనలేదే. వేయండి, నేను చెబుతున్నాగా."

"నన్ను మాఫ్ చేయండి సార్. ఇంకేదైనా చెప్పండి, చేస్త. అదొక్కటి నాతోని కాదు."

"ఏ ముక్క అన్నయ్యా?" దేవిశ్రీ అడిగింది. సత్యదేవ్ పాప గురించి, బిస్కెట్టు గురించి గబగబా చెప్పాడు. వింటున్నకొద్దీ ఆమె ముఖం పాలిపోయింది. చివరి వరస దాకా నడిచి ఇంద్రజ చెయ్యి పట్టుకుని, పక్కనున్న సామాన్ల గదిలోకి తీసుకువెళ్లింది.

పైటకి మైకు ఉన్న సంగతి మరిచిపోయింది. దయాకర్ చెవులకు హెడ్‌ఫోన్ ఉంది.

అతను చటుక్కున ఆ మైకు బయటికి వినిపించకుండా మీట కిందికి లాగాడు. రికార్డింగ్ ఆపాడు. హెడ్‌ఫోన్ కూడా తీసేయాలి. తీయలేదు.

"పాపని చూసి నవ్వానని నాకొక్క మాట చెప్పొచ్చు కదా వదినా. నేనెంత మాట రాశాను."

"పాపని నేను చూడలేదు దేవీ. అత్తయ్య ఇంక పిలవరని నవ్వాను."

గాజులు కదిలాయి. తర్వాత దేవిశ్రీ గొంతు, దగ్గరగా, గుసగుసలా.

"నెల రోజులు అమ్మని తీసుకెళ్తావా అని నువ్వు అడిగినప్పుడల్లా ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. అమ్మ పోయిందని అన్నయ్య ఫోన్ చేస్తే నాకు మొట్టమొదట ఏమనిపించిందో తెలుసా? ఇంక వదిన ఫోన్ చేయదు అని. ఏడుపు ఆ తర్వాత వచ్చింది. మామగారికి ఏమీ లేదు. రావాలనుకుంటే వచ్చేదాన్నే. ఇంట్లో కూర్చుని లైవ్ చూస్తుంటే నీ ముఖం వచ్చింది. చూడగానే తెలిసిపోయింది నాకు, అది ఏం నవ్వో. నా ముఖం ఎవరూ చూడలేదు. నీది చూశారు. అందుకే పెట్టాను."

దయాకర్ హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు.

ముందు దేవిశ్రీ బయటికి వచ్చింది. స్టేజీ వైపు వస్తూ పైట సర్దుకోబోయి, మైకు తగిలి ఆగిపోయింది. దయాకర్ వైపు చూసింది.

"బయటికి పోలే మేడమ్. రికార్డు సుత కాలే," అన్నాడు. అంతటితో ఆపొచ్చు. ఆపలేకపోయాడు. "నేను విన్న."

ఆమె తల దించుకుని మెట్లెక్కింది. అతను మీట పైకి జరిపాడు.

దేవిశ్రీ తల్లి గురించి అందరూ చెప్పే మాటలే చెప్పింది. కష్టపడి పెంచింది, ఎవరినీ నొప్పించలేదు. మధ్యలో మాట తెగిపోయింది. మళ్లీ మొదలుపెట్టింది.

"గ్రూపులో ఆ ఫోటో పెట్టింది నేను. పెట్టకుండా ఉండాల్సింది. అమ్మ గురించి ఈ నాలుగైదేళ్లలో నాకు తెలిసింది ఏమీ లేదు. మా వదినకి తెలుసు. వదినా, నువ్వు చెప్పు."

కుర్చీలు కిర్రుమన్నాయి. అందరూ వెనక్కి తిరిగారు. పిన్ని కూడా తిరిగింది. ఇంద్రజ లేవలేదు. లైవ్ చూస్తున్నవాళ్లు ఒకరి తర్వాత ఒకరు మెసేజ్ పెడుతున్నారు, కెమెరా ఇంద్రజ వైపు తిప్పమని.

దయాకర్ చెయ్యి స్టాండు పిడి మీద ఉంది. అతను కెమెరా మీదుగా తలెత్తి, అంతమంది తలలకి అవతల ఉన్న ఆమెను చూశాడు. చెయ్యి కొంచెం పైకెత్తి, తిప్పనా అన్నట్టు ఆగాడు. ఆమె అతన్ని చూసింది, తర్వాత కెమెరాని చూసింది. కొంగు భుజం మీదికి లాక్కుని తల ఊపింది.

అతను తిప్పాడు. ఆమె కూర్చునే మాట్లాడింది.

"అత్తయ్యకి కాఫీలో పంచదార ఎక్కువ ఉండాలి. డాక్టరు వద్దన్నారు. నేను చిటికెడు వేసి, రెండు చెంచాలు వేశాననేదాన్ని. ఆవిడకి తెలిసిపోయేది. ఒక గుటక తాగి, ఇవాళ మరీ తీపి చేశావే, రేపు తగ్గించు అనేవారు. రోజూ అలాగే అనేవారు."

ఎవరో నవ్వారు. ఆ నవ్వు వరసలు దాటి పాకింది. పిన్ని పైట నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వి, "మా అక్క అంతే" అంది పక్కావిడతో. సత్యదేవ్ కూడా నవ్వాడు. అందరూ నవ్వుతుంటే ఇంద్రజ ముఖం మెల్లగా ముడుచుకుంది. ఇన్ని రోజులూ రాని ఏడుపు ఆమెకి అప్పుడు వచ్చింది.

ఆపమని సైగ చేస్తుందేమోనని దయాకర్ చూశాడు. చేయలేదు. దేవిశ్రీ స్టేజీ దిగి, కుర్చీల మధ్య నుంచి నడిచివచ్చి వదిన పక్కన కూర్చుంది. ఆమెని ముట్టుకోలేదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని తనూ కెమెరాకి ఎదురుగానే ఉండిపోయింది.

దయాకర్ కెమెరాని అలాగే ఉంచి, తను మాత్రం కళ్లు దించుకున్నాడు.